"ఎట్లా నమ్మావు?" అని అడగాల్సింది ఆమెనా?

నెల్లూరు తీరంలోని ఒక ఊరి లైబ్రేరియన్ కిందటేడాది మా సంఘం సమావేశానికొచ్చింది. నలభై దాటిన ఒంటరి మనిషి. పెళ్లి సంబంధాల సైటులో పరిచయమైన 'ఓడ ఇంజనీరు' ఆర్నెల్లపాటు రోజూ ఫోనులో మాట్లాడాడు. కృష్ణపట్నం రేవు దగ్గర్లోనే ఉన్న చోట అదేమంత నమ్మరాని అబద్ధం కాదు. పెళ్లన్నాడు. తరవాత కస్టమ్స్‌లో ఇరుక్కున్నానన్నాడు. ఆమె గాజులు తాకట్టు పెట్టి డబ్బు పంపింది. ఆ తరవాత ఫోను మూగబోయింది. ఫొటో ఎవరిదో, పేరు ఎవరిదో!

అప్పుడు మేం అడిగిన మొదటి ప్రశ్న: "చదువుకున్నదానివి, ఎట్లా నమ్మావు?" అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. సోషియాలజీలో డాక్టరేటు చేసి, ఏళ్ల తరబడి స్త్రీలపై హింస గురించి రాస్తున్నదాన్ని! ఊరు ఇంకో మాటంది: "పొద్దస్తమానం ప్రేమ నవలలు చదివితే ఇంతే."

ఈ రెండు మాటల మీదే నా తగువు.

యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివే స్త్రీలనూ ఒకప్పుడు ఇట్లాగే ఎగతాళి చేశారు. డబ్బున్న హీరో వచ్చి ఉద్ధరిస్తాడనే ఆశ పితృస్వామ్యానికి పనికొస్తుందని మనమూ విమర్శించాం. ఆ విమర్శను నేను వదులుకోను. కానీ విమర్శ నవలకైతే శిక్ష పాఠకురాలికా? ఆమె నాతో అన్న మాట వినండి: "అక్కా, వాడి మాటల్ని నవల చదివినట్టు చదివుంటే రెండో వారంలోనే పట్టేసేదాన్ని. నవల్లో హీరో డబ్బడగడు. 'తిన్నావా' అని నన్నడిగేవాళ్లు పదేళ్లుగా ఎవరూ లేరు, అంతే." ఇందులో తెలివితక్కువతనం ఎక్కడుంది? ఉన్నది ఒంటరితనం. ఒంటరి స్త్రీకి తోడు కావాలనిపించడమే తప్పన్నట్టు చూసే మన ఇళ్లూ, మన సంఘాలూ కలిసి పెంచిన ఒంటరితనం.

ఇంద్రుడు గౌతముడి వేషంలో వచ్చాడు. అతనికీ శాపం తగిలింది గానీ సింహాసనం పోలేదు. రాయై పడి ఉన్నది అహల్య. వేషం వేసినవాణ్ణి వదిలి, నమ్మినదాన్ని నిలదీయడం మనకు అంత పాత అలవాటు.

దీని పేరు విఫల ప్రేమ కాదు, నేరం. ఫోను, కంప్యూటరు ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే, డబ్బు ఇంకా చేతులు మారకముందే బ్యాంకులు దాన్ని నిలిపేసే వీలుంది. ఇది గంటల మీద జరగాల్సిన పని. ఆమె నోరు విప్పడానికి ఇరవై రోజులు పట్టింది. ఎవరికి భయపడి? ఆ మోసగాడికి కాదు, మన ప్రశ్నకు. ఆమె డబ్బు తిరిగి రాలేదు. అందులో మన వాటా ఎంతో లెక్క చూసుకుందామా?

ఈ జిల్లా స్త్రీలు మనకు వేరే దారి చూపించారు. 1991లో ఇక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబళ్లలో సీతమ్మ కథ చదివి తమ బతుకులు మాట్లాడుకున్న ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. దూబగుంట పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. "తాగుబోతును ఎందుకు కట్టుకున్నావు?" అన్న దగ్గరే వాళ్లు ఆగిపోయి ఉంటే ఏ దుకాణమూ మూతపడేది కాదు. ఊళ్లోకి సారా ఎవరు తెస్తున్నారని అడిగారు కాబట్టే ఉద్యమమైంది.

మనమూ అట్లాగే అడగాలి. డబ్బు తీసుకుని ప్రొఫైళ్లు పెట్టే కంపెనీలు ఆ ఫొటో వెనక మనిషి ఉన్నాడో లేడో ఎందుకు చూడవు? సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని 2016లో కేంద్రం మాట్రిమొనీ సైట్లకు చెప్పింది కదా, అది ఎంతవరకు అమలైంది? ఫిర్యాదుకొచ్చిన స్త్రీని స్టేషన్లో నవ్వుతూ ఎందుకు చూస్తారు?

సంఘాల్లో పనిచేసే మనం ముందు మన మొదటి ప్రశ్న మార్చుకుందాం. "ఎప్పుడు పంపావు? ఏ ఖాతాకు? మెసేజీలు చెరిపెయ్యకు. పద, నేనూ వస్తా." ఇంతే చాలు.

ఆమె ఇప్పుడూ ఆ బల్ల దగ్గరే కూర్చుని నవలలు ఇస్తోంది. పుస్తకాల రిజిస్టరు పక్కన 1930 అని పెద్దక్షరాలతో రాసి అంటించింది. ఆ పని మనం చేయాల్సింది.