వెండి గిన్నె, ద్రాక్ష తొట్టి

రాజమండ్రిలో ఇటీవల ఒక సభలో, ప్రాచీన రోమను గృహాల మద్యపాత్రల గురించి ఒక పండితుడు గంటసేపు ఉపన్యసించారు. "కళకు వర్గం లేదు" అని ముగించారు. చప్పట్లు మోగాయి. నేను కొట్టలేదు. ఎందుకో చెప్పాలి.

ఆయన వర్ణించినవి బోస్కోరియాలె గిన్నెలు. వెసూవియస్ పర్వతం దిగువన 1895లో 109 వెండి వస్తువులు దొరికాయి. వాటిలో చాలా భాగం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రెండు గిన్నెల మీద జీనో, ఎపిక్యూరస్ వంటి తత్వవేత్తలు అస్థిపంజరాలై నిలబడి ఉంటారు. రేపు చావు తప్పదు, నేడే తాగమని వాటి బోధ. పనితనం అద్భుతం; కాదనేవాణ్ణి కాను. కాని అవి ఎక్కడ దొరికాయో పండితులు చెప్పలేదు. ద్రాక్ష పిండే గదిలోని తొట్టిలో!

ఆ ఇల్లు ఒక మద్యపు కార్ఖానా. గానుగలు, నేలలో పాతిన పెద్ద పెద్ద బానలు అక్కడ బయటపడ్డాయి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం పేలినప్పుడు వెండి ఆ తొట్టిలోనే ఉండిపోయింది. ఇటువంటి తోటల్లో చాకిరీ బానిసలది. అంతకు రెండు శతాబ్దాల ముందే కేటో అనే భూస్వామి వారికేం పోయాలో రాసిపెట్టాడు: పిండేసిన పిప్పిని నీళ్లలో నానబెట్టి, కోతల తర్వాత మూడు నెలలు అదే తాగించాలి. ముసలి ఎద్దునూ ముసలి బానిసనూ ఒకే జాబితాలో చేర్చి అమ్మెయ్యమన్నాడు. వెండి మీది అస్థిపంజరం యజమానికి విందులో వినోదం. పనిచేసేవాడికి అది వినోదమా?

ఎక్కడి రోమో, మనకెందుకంటారా? ఆ శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథం "పెరిప్లస్" మసాలియాలో సన్నబట్ట విస్తారంగా నేస్తారని చెప్పింది. మసాలియా అంటే కృష్ణా గోదావరుల ముఖద్వారాల వైపు మన తీరమే. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని ప్లినీ వాపోయాడు. అతడు చనిపోయింది కూడా ఆ 79 నాటి విస్ఫోటనంలోనే. మన బట్ట కట్టిన వర్గమూ, ఆ గిన్నెల్లో తాగిన వర్గమూ ఒక్కటే. రోము బంగారం ఆంధ్రదేశానికి వచ్చిందని మనవాళ్లు మీసం మెలేస్తారు. అది మగ్గం గుంట దాకా వచ్చిందా అని ఒక్కరూ అడగరు.

గిన్నెను పగలగొట్టమని నేననను. ఉపాధ్యాయ మిత్రులారా, విద్యార్థులకు ఆ గిన్నె చూపించండి. చూపించాక, అది దొరికిన తొట్టినీ చూపించండి. తొట్టిని దాచి గిన్నెను మాత్రమే చూపేవాడు కళను బోధించడం లేదు; యజమాని పద్దు చదువుతున్నాడు.