పాత యెజ్డీ, కొత్త జావా

నందికొండ క్రిందిబాటలో ఆదివారము తెల్లవారుజామున నిలుచున్నచో రెండు తరముల మోటారు సైకిళ్లు కానవచ్చును. పొగ విడుచుచు, మలుపునకు ఆవలనుండియే తమ మ్రోతచే గుర్తుపట్టబడునవి పాతవి. తళతళలాడుచు మెత్తగా దాటిపోవునవి కొత్తవి. రెండింటి మీదను పేరొక్కటే. పాతబండివారు కొత్తదానిని చూచి ఒక క్షణము మురిసి, మరుక్షణము పెదవి విరచుచున్నారు.

ఆ మమకారము నిష్కారణమైనది కాదు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారమున 1961 నుండి చెకొస్లొవేకియా నమూనా బండ్లు తయారైనవి. పిమ్మట యెజ్డీ యను పేరు వచ్చెను. 1996లో కర్మాగారము మూతపడినను బండ్లు మాత్రము మూలపడలేదు. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. కిక్కు కొట్టు కడ్డీయే గేరు కడ్డీ. మా యింటి యెజ్డీ చింతామణి దారిలో ఎన్నిమారులు మొరాయించినదో లెక్కలేదు. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, బిగించినచో మరల కదలెడిది. దాని గుణదోషములు ఇంటిల్లిపాదికిని తెలియును.

2018లో జావా, 2022లో యెజ్డీ మరల అంగడికి వచ్చినవి. ఇపుడు నాలుగు స్ట్రోకుల యంత్రము, దానిని ద్రవముచే చల్లార్చు ఏర్పాటు, పెట్రోలును కొలిచి చిమ్ము ఎలక్ట్రానిక్ పరికరము. జర్మనీ దేశపు పోర్షే 911 పందెపు కారునకు 1990వ దశకము చివర గాలి చల్లదనము మాన్పి నీటి చల్లదనము కల్పించినపుడు అచ్చటి అభిమానులును ఇట్లే గొణిగిరి. ఆ కారు నేటికిని నడచుచున్నది.

బ్రేకు విషయమున నాకు సందేహము లేదు. చక్రము బిగిసి జారకుండ కాపాడు ఏ.బి.యస్. ఏర్పాటు 125 సి.సి. మించిన కొత్త బండ్లన్నింటికిని 2019 నుండి చట్టరీత్యా తప్పనిసరి యైనది. బాగేపల్లి మీదుగా పోవు 44వ నెంబరు జాతీయ రహదారిలో లారీల వేగము మనమెరుగనిది కాదు. పాత మ్రోతను పొగడువారు, రాత్రివేళ కుమారుడు ఆ దారిన ఇల్లు చేరవలసినపుడు ఏ బండినిచ్చి పంపుదురో చెప్పవలెను. నేను కొత్తదానినే యిత్తును.

నా అసంతృప్తి వేరొకచోట నున్నది. చింతామణిలో మా బండిని ముప్పదియేండ్లు బాగుచేసిన మెకానిక్కు, చెవి యొగ్గి విని దోషము చెప్పగలవాడు, కొత్తబండి మీటరులో ఎర్రదీపము వెలిగినచో చేతులు ముడుచుకొని కూర్చుండుచున్నాడు. దోషము చెప్పు పరికరము అతని వద్ద లేదు, నేర్పువారును లేరు. బండిని బెంగళూరు పంపవలసి వచ్చుచున్నది. అతని నేర్పు తగ్గలేదు, తలుపు మూయబడినది.

యంత్రమును చూచి జంకుట మన సీమ వాడుక కాదు. 1930వ దశకముననే ఈ దేశమున మోటారు కార్ల కర్మాగారము కావలెనని ప్రణాళిక వ్రాసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మన ముద్దేనహళ్లిలో పుట్టినవారు. ఆ యింటిపేరు తెలుగు సీమలోని ఊరిది. కొత్తబండ్లమ్మువారు ఆ పరికరమును, దాని విద్యను తాలూకా మెకానిక్కులకును అందనిత్తురా యని కొనబోవు మనవారు అంగడిలోనే అడుగవలెను. మా మెకానిక్కు కుమారుడు పరికరము వెల విచారించుచున్నాడు. తండ్రి మాత్రము ఇంకను పాత యెజ్డీల కార్బురేటర్లు కడుగుచున్నాడు.