భుజం ఆపరేషన్‌లో ఎముక కూడా చెక్కాలా?

భుజాన్ని లేపే, తిప్పే నాలుగు కండరాల స్నాయువులే రొటేటర్ కఫ్. అది చిరిగితే కీహోల్ పద్ధతిలో యాంకర్లు, దారాలతో తిరిగి ఎముకకు కుడతారు. చాలాచోట్ల పనిలో పనిగా పైనున్న ఎముక అంచునూ చెక్కుతారు. ఇదే అక్రోమియోప్లాస్టీ. ఆ ఎముక రాపిడే స్నాయువును దెబ్బతీస్తుందని 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ చెప్పినప్పటి నుంచి వస్తున్న అలవాటిది.

లాభం ఉందా? చిన్న, మధ్యస్థ చిరుగులకు దీన్ని మామూలుగా చేయనక్కర్లేదని అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ 2019లో తేల్చింది. కుట్టు మాత్రమే వేసినవారిలోనూ నొప్పి దాదాపు అంతే తగ్గింది. అయితే 2011 నాటి కెనడా అధ్యయనంలో ఎముక చెక్కనివారికే మళ్లీ ఆపరేషన్ ఎక్కువగా అవసరమైంది. ఉన్నది 86 మందే అనుకోండి, అయినా పూర్తిగా కొట్టిపారేయలేం.

స్నాయువు పూర్తిగా చిరగనివారికి నొప్పి కోసం ఎముక మాత్రమే చెక్కడంపై బ్రిటన్‌లో 32 ఆసుపత్రుల్లో పరీక్షించారు. ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోలిస్తే లాభమేమీ కనిపించలేదు. తర్వాత అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దానికి షరతులు పెట్టింది.

అదనపు పనంటే థియేటర్ సమయం, పరికరాలు, బిల్లులో మరో లైను. బైసెప్స్ స్నాయువు కూడా పాడైతే దాన్ని సరిచేయడానికి కారణం ఉంటుంది. ఎస్టిమేట్‌లో అక్రోమియోప్లాస్టీ కనిపిస్తే మాత్రం, నా ఎంఆర్ఐలో ఏం చూసి ఇది చేస్తున్నారని ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి.