చేతికి గుర్తుండే చదువు

ఈసారి ఒక శాస్త్రవేత్త గురించి చెప్పుకుందాం. మతిమరపు వచ్చిన పెద్దలున్న ఇళ్ళవారు తప్పక చదవాలి.

బ్రెండా మిల్నర్ 1918లో ఇంగ్లండులోని మాంచెస్టరులో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, 1944లో కెనడా వెళ్ళి, మాంట్రియల్ నగరంలో దశాబ్దాలపాటు మెదడు మీద పరిశోధన చేశారు. ఆవిడకు పేరు తెచ్చింది ఒక్క రోగి.

అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు విపరీతంగా వచ్చేవి. 1953లో, అతని 27వ ఏట, వైద్యులు మెదడుకు ఇరుపక్కలా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసివేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని అది మొదలు కొత్త సంగతి ఏదీ మనసులో నిలిచేది కాదు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పేవాడు.

మిల్నర్ అతనికొక పరీక్ష పెట్టారు. కాగితం మీద జంట గీతలతో నక్షత్రం బొమ్మ. చెయ్యి కనబడకుండా, అద్దంలో చూస్తూ, ఆ గీతల నడుమ పెన్సిలుతో గీయాలి. ఎవరికైనా మొదట్లో చెయ్యి పక్కకు పోతుంది. మూడు రోజులు చేయించారు. రోజురోజుకూ తప్పులు తగ్గాయి. అయినా ఆ పని మునుపు చేసినట్టు అతనికి గుర్తే లేదు! జరిగింది గుర్తుండటం వేరు, చేతికి పని పట్టుబడటం వేరు, మెదడులో వాటి దారులు వేరని 1962లో ఆవిడ లోకానికి చెప్పారు.

ఇది చదివాక కోయంబత్తూరులోని మా మేనత్త నాకు కొత్తగా అర్థమయింది. 80 దాటాయి. పొద్దున కాఫీ తాగిన సంగతి ఉండదు. ఆమెకేమీ తెలియదులే అని ఇంట్లోవాళ్ళు మంచం మీదే కూర్చోబెట్టారు. మొన్న ధనుర్మాసంలో ముగ్గు గిన్నె చేతికిస్తే, 15 చుక్కల మెలిక ముగ్గు ఎక్కడా తెగకుండా వేసింది. మనుమరాలు పక్కనే కూర్చుని నేర్చుకుంది. మర్నాడు అత్తకు ఆ సంగతే తెలియదు. మళ్ళీ గిన్నె ఇచ్చారు.

మా అత్తది వయసుతో వచ్చిన జబ్బు, మొలైసన్‌ది శస్త్రచికిత్సతో వచ్చిన లోపం. రెండూ ఒకటి కావు. జబ్బు ముదిరితే చేతి పనీ తప్పుతుంది, వైద్యుడికి చూపించక తప్పదు. కాని చాలామందిలో జ్ఞాపకం పోయినా చేతివాటం మరికొంతకాలం నిలుస్తుంది. తెలుగునాడు వదిలి తరాలైన మన ఇళ్ళలో ముగ్గులు, పిండివంటల పాళ్ళు చాలావరకు ఎక్కడా రాసి లేవు. అవి ఈ చేతుల్లోనే ఉన్నాయి. "ఇందాకే చెప్పానుగా" అని పెద్దవాళ్ళను కసరకండి. చేటలో బియ్యం పోసివ్వండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.