తల ఎవరిది? ఒళ్ళు ఎవరిది?

చవకబారు సినిమా! ఈ మాట వింటే మాకు ఒళ్ళు మండుతుంది. నేల టికెట్టు మీద కూచొని ఈల వేసినవాడికి రుచి లేదని తీర్పు చెప్పే పెద్దలెవరు?

అమెరికాలో 1972లో 'ద థింగ్ విత్ టూ హెడ్స్' అనే సినిమా వచ్చింది. తక్కువ ఖర్చుతో బొమ్మలు తీసే అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వాళ్ళది. కథ వినండి. తల మార్చి అతికించే విద్య తెలిసిన తెల్ల సర్జను ఒకడు. నల్లవాళ్ళంటే గిట్టదు. తను పిలిపించుకున్న డాక్టరు నల్లవాడని చూశాక వద్దు పొమ్మంటాడు. చదువు పనికొచ్చింది, చర్మం పనికిరాలేదు! ఇంటర్వ్యూ గదుల్లో మనం చూడనిదా ఇది? ఆ సర్జనుకి చావు ముంచుకొచ్చింది. తల బతకాలంటే ఇంకో ఒళ్ళు కావాలి. దొరికింది ఎవరిది? మరణశిక్ష పడ్డ నల్ల ఖైదీది.

ఒకే ఒంటి మీద రెండు తలలు. ఒకటి బొమ్మ తలని తెలిసిపోతూనే ఉంటుంది. మేమూ నవ్వాం. నవ్వి, ఆగిపోయాం. నోటి నుంచి బ్రాహ్మణుడు, పాదాల నుంచి శూద్రుడు అన్నది పురుషసూక్తం. మనకైతే ఆ ఒంట్లో చోటే లేదు. చాకిరీ చేసే ఒళ్ళు మనది, పెత్తనం చేసే తల వాళ్ళది. ఆ ఒంటిని ముట్టుకుంటే మైల, దాని మీద బతికితే మైల లేదు!

1967లో వచ్చిన 'గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్' గొప్ప సినిమా అంటారు. ఆస్కార్లొచ్చాయి. అందులో సిడ్నీ పోయిటియర్ పేరుమోసిన డాక్టరు, మహా మర్యాదస్తుడు. అయినా తెల్ల మామగారి ఒప్పుదల కోసం కాచుకుని కూచోవాలి. చవకబారు సినిమాలో ఆ కాచుకోవడం లేదు. ఒళ్ళుగలవాడు తలని వదిలించుకోవాలనే చూస్తాడు.

అలాగని దండం పెట్టమనడం లేదు. తీసినవాళ్ళు తెల్లవాళ్ళే. నల్ల జనం టికెట్టు డబ్బుల మీద కన్నేసి తీశారు. కోపాన్ని వెంటాటల్లో, వెకిలి నవ్వుల్లో కలిపేశారు. మన గోస ఇంకొకడి చేతిలో పడితే అంతే.

అయినా చివర్లో ఆ నల్ల డాక్టరే తలని ఊడదీస్తాడు. ఖైదీ పాడుకుంటూ వెళ్ళిపోతాడు. యంత్రానికి తగిలించిన తల మాత్రం ఇంకో ఒళ్ళు తెమ్మంటుంది!

అదే 1972లో, బ్లాక్ పాంథర్ల పేరు చూసి బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. తల ఇంకా అడుగుతూనే ఉంది. ఇవ్వం అనాల్సింది మనమే.