మెంతుల డబ్బా

మా బాబాయి కూతురు పదమూడో ఏట బళ్ళో ప్రార్థన జరుగుతుండగా కొట్టుకుంటూ పడిపోయింది. ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించారు. సాయంత్రానికి ఇంట్లో తేలిన మాట ‘ఎండదెబ్బ’. ఆ రోజు పొద్దున్నించీ మబ్బే.

గుంటూరు తీసుకెళితే నరాల డాక్టరు మూర్ఛ అని చెప్పి, ఎప్టాయిన్ మాత్రలు రాసి, ‘రోజూ వెయ్యండి, నిద్ర చెడనివ్వకండి, చదువు మాన్పించకండి’ అన్నాడు. అంతే సంగతి. మందులు సరిగా వాడితే ఈ జబ్బున్న పదిమందిలో ఏడుగురి దాకా మూర్ఛలు రాకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా చెల్లి ఆ ఏడుగురిలో ఒకతె. ఏళ్ళ తరబడి మళ్ళీ ఒక్కసారీ రాలేదు. భయం మాత్రం మాకు రోజూ వచ్చేది. మాత్రల అట్టలు మెంతుల డబ్బాలోకి చేరాయి. ఆ మందువల్ల చిగుళ్ళు పెరిగితే, ‘సరిగా పళ్ళు తోముకోదు’ అని చుట్టాల ముందు దాన్నే తిట్టాం.

1996లో సంబంధం వచ్చింది. మాట్లాడ్డానికి నన్ను పంపారు. కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి, నా మాట నమ్ముతారని. పెళ్ళికొడుకు మేనమామ కాఫీ గ్లాసు కింద పెట్టి, ‘అమ్మాయికి ఆరోగ్యం అదీ...’ అని ఆగాడు. ‘నిక్షేపంలా ఉంటుందండీ’ అన్నాను. నిక్షేపమంటే పాతిపెట్టిన సొత్తని నాకు తెలియకా!

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదరా అని పెద్దనాన్న భుజం తట్టాడు. ఆ వెయ్యీ మనం ఆడేసి ఇంటికొచ్చేస్తాం. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆడాల్సినవాటికి లెక్క సామెతలో లేదు. కన్యాశుల్కంలో కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి అంటగడితే క్లాసులో పిల్లలతో పాటు నేనూ నవ్వేవాణ్ణి. అక్కడి మోసం ఒక పసిపిల్లని తప్పించడానికి. మాది మా పిల్లని సాగనంపెయ్యడానికి.

చట్టానికి భయపడ్డామని తరవాత సర్దిచెప్పుకున్నాం. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణ నుంచీ పదేపదే వచ్చే మూర్ఛనీ ఉన్మాదాన్నీ ఒకే గాట కట్టేశారు. అప్పట్లో దాన్ని చూపించి పెళ్ళి రద్దు కోరే వీలుండేది. 1999లో మూర్ఛ అన్న మాట తీసేశారు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అప్పటికి ఆ చట్టం చదివినవాళ్ళే లేరు. బాబాయికి ఇంకో ఇద్దరు కూతుళ్ళున్నారు, పెద్దదాని సంగతి పొక్కితే వాళ్ళకి సంబంధాలు రావు. మా భయమంతా అదీ. చెల్లిని మాత్రం, ‘చెప్పమంటావా, వద్దా?’ అని ఒక్కరం అడగలేదు. దాని జబ్బు దానిది కాదు, ఇంటిపేరుది అన్నట్టే నడిపించాం.

ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషాలకి. నిద్ర చెడకూడదని డాక్టరు చెప్పిన పిల్లని పస్తుంచి, మేలుకొలిపి పీటలమీద కూర్చోబెట్టాం. తలంబ్రాలు పోస్తుంటే అందరూ నవ్వుతున్నారు, పిన్ని మాత్రం దాని వేళ్ళకేసే చూస్తోంది, వణుకుతున్నాయేమోనని. ఏమీ కాలేదు. దేవుడి దయ అనుకున్నాం. అంత హడావిడిలోనూ చెల్లి తనంతట తను గుర్తుపెట్టుకుని మాత్ర వేసుకుందని తరవాత తెలిసింది. అప్పగింతలప్పుడు పిన్ని దాని చెవిలో అన్న మాట నాకు వినబడింది: ‘ఆయనకి మాత్రం చెప్పకే. చూస్తే బలానికి బిళ్ళలని చెప్పు.’ నేను పెట్టె కారులో పెట్టించే పనిలో పడ్డాను. మెంతుల డబ్బా ఆ పెట్టెలోనే ఉంది.

రెండేళ్ళకి నెల తప్పింది. ఆ మందు కడుపులో బిడ్డకి మంచిది కాదేమోనని అనుమానం పట్టుకుంది. ఎవర్ని అడుగుతుంది? డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా పక్కన అత్తగారు. తనే మానేసింది. అలా ఒక్కసారిగా మానెయ్యడం ఎంత ప్రమాదమో చెప్పే మనిషి దానికి లేకుండా చేసింది మేమే.

ఏడో నెలలో ఫిట్స్‌తో ఆస్పత్రిలో పడింది. మేం పరిగెత్తాం. గర్భిణికి ఫిట్స్ వస్తే డాక్టర్లు ముందు అనుమానించేది ఎక్లాంప్సియాని. బీపీ పెరిగి ప్రాణంమీదికి వచ్చే స్థితి అది. దానికిచ్చే మందు వేరు, నెలలు నిండకుండానే కాన్పు చెయ్యాల్సి రావచ్చు కూడా. డాక్టరమ్మ వరండాలోకి వచ్చి, ‘బీపీ మామూలుగానే ఉందే! ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చాయా?’ అంది. అత్తగారు పిన్నికేసి చూసింది.

‘లేదమ్మా, ఇదే మొదటిసారి’ అంది పిన్ని.

బాబాయి తలూపాడు. నేను గోడమీది టీకాల చార్టు చదువుతున్నాను. ఏ నెలలో ఏ టీకానో ఇప్పటికీ ఒప్పజెప్పగలను. డాక్టరమ్మ రెండోసారి అడిగింది. మళ్ళీ అదే జవాబు. పిన్నిది చదువులేనితనం అనుకుందాం. నాది?

చివరికి చెల్లే చెప్పింది. మగత వీడుతుండగా మొగుడి చెయ్యి పట్టుకుని, ‘నాకు పదమూడో ఏటి నుంచీ ఉందండీ. మావాళ్ళని ఏమీ అనకండి’ అంది.

బిడ్డ క్షేమంగా పుట్టింది. బావగారు కేకలెయ్యలేదు, పెద్దమనుషుల్ని పిలవలేదు. పాపని చూడ్డానికి వచ్చిన రోజు, వెళ్ళబోతూ గేటు దగ్గర నాతో ఒక్క మాట అన్నాడు. ‘రెండేళ్ళు నన్ను చూసి భయపడుతూ నా పక్కన పడుకుందండీ.’ దానికి నా దగ్గర జవాబు లేదు. బస్సు టైమెంతని అడిగాను.

ఇంత మంచివాడికి ముందే చెప్పినా చేసుకునేవాడే అని మా ఇంట్లో ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు. అది కూడా మాకు అనుకూలమైన లెక్కే. చేసుకునేవాడో, లేచి వెళ్ళిపోయేవాడో. తేల్చుకునే అవకాశం ఆయనకీ ఇవ్వలేదు, దానికీ ఇవ్వలేదు. ఆ తరవాత మిగతా ఇద్దరి పెళ్ళిళ్ళూ చేశాం. పెళ్ళిచూపుల్లో పెద్దక్క జబ్బు ప్రస్తావన రాలేదు. రానివ్వలేదు.

మొన్న మావాడి బయోడేటా తయారుచేశాం. 2021లో హైదరాబాదులో ఉద్యోగం మానేసి పద్నాలుగు నెలలు గదిలోంచి బయటికి రాలేదు వాడు. మానసిక వైద్యుడి దగ్గర మందులు వాడి తేరుకున్నాడు. ఆ పద్నాలుగు నెలలకీ కాగితంలో ‘సివిల్స్ ప్రిపరేషన్’ అని ఉంది. టైపు చేసింది నేనే. ‘అది తీసెయ్యి నాన్నా’ అని వాడు రెండుసార్లు అన్నాడు.

ఆదివారం చెల్లి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది.

‘వీడు సివిల్స్ ఎప్పుడు రాశాడన్నయ్యా?’ అంది.

కాఫీలో చక్కెర సరిపోయిందా అమ్మా అని అడిగాను.