జమాఖర్చులు: ఇంజన్ మారుస్తానంటున్న అబ్బాయి

ఈ శీర్షికలో ఇంతవరకు ఇంటి అప్పులు, నామినేషన్లు, వీలునామాల గురించే రాస్తూ వచ్చాను. పోయిన సంచిక అందాక హోసూరు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం నన్ను వేరే దారి పట్టించింది. వారి అబ్బాయి కాలిఫోర్నియాలోని సాక్రమెంటోలో ఉద్యోగం చేస్తున్నాడు. పాత కారు ఒకటి కొని, అందులో ఉన్న ఇంజన్ తీసేసి మరో బండి ఇంజన్ బిగించి, 'డ్రిఫ్టింగ్' నేర్చుకుంటానంటున్నాడట. "అప్పు ఇప్పించమని అడగటం లేదండీ, ఇది మతి ఉండి చేసే పనేనా, అదొక్కటి చెప్పండి" అని ఆ తండ్రిగారి ప్రశ్న.

మతి ఉండి చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. మలుపులో వెనక చక్రాలు జారితే మామూలు డ్రైవరుకు గుండె ఝల్లుమంటుంది. డ్రిఫ్టింగులో ఆ జారుడునే కావాలని తెప్పించి, స్టీరింగును మలుపుకు ఎదురు దిక్కుకు తిప్పి, యాక్సిలరేటరుతో దాన్ని పట్టి నిలపాలి. బండి అడ్డంగా జారుతూనే ముందుకు పోతుంది. పోటీలో ఎవరు ముందొచ్చారని చూడరు. బండి ఏ దారిన పోయింది, ఎంత కోణంలో జారింది, ఎంత ఒడుపుగా సాగింది అన్నవాటికి మార్కులు వేస్తారు. జపాను కొండదారుల్లో ఎదిగిన విద్య ఇది. కెయిచి సుచియా అనే డ్రైవరు 1987లో వచ్చిన ఒక వీడియోతో దీనికి పేరు తెచ్చాడు. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు 2004 నుంచి జరుగుతున్నాయి. సాక్రమెంటోకు అందుబాటులోనే ఉన్న సోనోమా రేస్‌వేలో ఇలాంటి కుర్రవాళ్ళ కోసం ప్రత్యేకంగా రోజులు కేటాయిస్తారు.

ఇక ఒక బండి ఇంజన్ మరో బండిలో పెట్టడం అంటారా, అది మనవాళ్ళకు కొత్తేమీ కాదు. కోయంబత్తూరు మిల్లుల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, మారుతి 800లోని 796 సి.సి. ఇంజనును ఒంటి సీటు రేసు కారులో పెట్టి ఫార్ములా మారుతి అని నడిపించారు. తక్కువ ఖర్చుతో మన కుర్రకారు రేసింగు నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెట్టిపాళెంలోని కరి మోటార్ స్పీడ్‌వేకి ఆ పేరు ఆయనదే. అక్కడ ఆయన ఎంచుకున్నది చిన్న ఇంజన్ అన్నది గుర్తుంచుకోండి, ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మన అబ్బాయి పరిస్థితి చూద్దాం. డ్రిఫ్టింగుకు వెనక చక్రాలను ఇంజన్ తిప్పే కారు కావాలి, చేతి గేర్లు ఉండాలి. ఈ రెండూ ఉన్న పాతకార్లలో అమెరికా కుర్రాళ్ళు మొదట చెప్పే పేరు నిస్సాన్ 240ఎస్ఎక్స్. జపానులో సిల్వియా పేరుతో అమ్మిన బండికి ఇది అన్నదమ్ముల వరస. జపాను బండిలో 2 లీటర్ల టర్బో ఇంజన్ ఉండేది. అమెరికా వాళ్ళకు 2.4 లీటర్ల సాదా ఇంజన్ ఇచ్చారు. అందుకే అది కొన్నవాడు ముందు ఇంజన్ మార్చాలనే అనుకుంటాడు. కాని ఈ కారు అమెరికాలో అమ్మడం 1998తో ఆగిపోయింది. మిగిలినవాటిలో చాలాభాగం ఎవరో ఒకరు విప్పి, అతికి, గోడకు కొట్టినవే. పేరుకున్న మోజు వల్ల ధర మాత్రం తగ్గదు. మొదటి కారుగా దీన్ని నేనైతే వద్దంటాను.

నిస్సాన్ 350జెడ్ అని ఉంది. 2003 మోడల్ నుంచి వచ్చింది. 3.5 లీటర్ల వి6 ఇంజన్, 287 హార్స్‌పవర్. దాదాపు 1,450 కిలోల బరువు. ఉన్నది ఉన్నట్టుగానే నేర్చుకోవటానికి చాలినంత బలం ఉంది, ఇంజన్ మార్చే ఆలోచనే అక్కరలేదు. బి.ఎమ్.డబ్ల్యు. ఇ36, ఇ46 కార్లు కూడా మంచివే. వరసగా ఆరు సిలిండర్ల ఇంజన్, తూకం చక్కగా ఉంటుంది. అయితే ఇ46లో వెనక సబ్‌ఫ్రేము బిగించే చోట అడుగు రేకు పగుళ్ళు తీస్తుంది. ఇంజన్ను చల్లబరిచే భాగాల్లో ప్లాస్టిక్ ముక్కలు వయసు మీరి విరుగుతాయి. జాకీ మీద ఎత్తి చూడకుండా కొనకూడదు. మాజ్దా మియాటా తక్కువ బరువున్న చిన్న బండి, చవకగా నడుస్తుంది. చక్రాల నడుమ దూరం తక్కువ కనుక చప్పున గిర్రున తిరిగిపోతుంది, చెయ్యి తిరిగేదాకా ఓపిక కావాలి. లెక్సస్ ఐఎస్300లో 3 లీటర్ల 2జెజెడ్ ఇంజన్ ఉంటుంది. తరవాత అదే జాతి టర్బో ఇంజన్ పెట్టుకోవాలన్నా అమరిక దగ్గరగా ఉంటుంది. చేతి గేర్లవి కొన్నే వచ్చాయి కనుక వెతకాలి.

నేను చెప్పేది ఒక్కటే: ఇంజన్ ఎప్పటికీ మార్చబోమన్నట్టుగానే కారును ఎంచుకోవాలి. ఈ రోజు కొని, రేపు ట్రాకు మీదికి తీసుకుపోగలిగిన బండి కావాలి. పాత ఇంజనుతో ఒక ఏడాది తిరగనివ్వండి. తక్కువ బలం ఉన్న బండిలో జారుడు నిలవాలంటే వేగం పోనివ్వకుండా, క్లచ్చునూ హ్యాండ్ బ్రేకునూ సమయానికి వాడటం నేర్చుకోక తప్పదు. కరివర్ధన్‌గారి చిన్న ఇంజన్ నేర్పిన పాఠం కూడా అదే తరహాది. పెద్ద ఇంజన్ ఆ తప్పులను కప్పిపుచ్చుతుంది, ఒకానొక క్షణంలో ఒక్కసారిగా బయటపెడుతుంది.

ఏడాది తరవాత పాత ఇంజన్ పోయిందనుకోండి, అప్పుడు మార్పు మాట. అప్పటికీ చూడవలసింది, ఆ కారులో ఆ ఇంజన్ ఇంతకుముందు ఎంతమంది పెట్టారన్నది. జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కుల్లో 1999 నుంచి వచ్చిన 5.3 లీటర్ల వి8 ఇంజన్లు పాత సామాను యార్డుల్లో దండిగా దొరుకుతాయి. పైన చెప్పిన నిస్సాన్, బి.ఎమ్.డబ్ల్యు., మియాటాలకు వాటిని బిగించే మౌంటింగులు రెడీమేడ్‌గా అమ్ముతారు. ఎవరూ నడవని దారిన మొదటివాడుగా నడవటం అనుభవజ్ఞులకే వదిలేయాలి.

బ్యాంకువాడి కంటికి ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది. కుర్రవాడు తండ్రికి ఇంజన్ ధర ఒక్కటే చెబుతాడు. మౌంటింగులు, ఆయిల్ సంపు, సరిపడే గేర్‌బాక్సు, కొత్త కొలతకు చేయించిన ప్రొపెల్లర్ షాఫ్టు, పొగ గొట్టాలు, పెట్రోలు పంపు, రేడియేటరు, వైరింగు, ఇంజన్ను నడిపే కంప్యూటరు, వీటి మాట ఎత్తడు. పెంచిన బలాన్ని మొయ్యటానికి క్లచ్చు, డిఫరెన్షియలు, బ్రేకులు వేరే. ఇంజన్ ధరకు మూడింతలు చేతిలో లేనిదే పని మొదలుపెట్టవద్దని నా సలహా. ఇంటి అప్పులో పునాది, గోడలు, స్లాబు అని దశలు చూసి డబ్బు విడుదల చేస్తాం కదా, దానికి కారణం ఉంది. మధ్యలో ఆగిన ఇంటికి పెట్టిన డబ్బంత విలువ కట్టేవాడు దొరకడు. బానెట్ కింద ఖాళీగా, పక్కన అట్టపెట్టెల్లో సామానుతో ఉన్న కారుకు అంతకన్నా అన్యాయమైన ధర పలుకుతుంది. పాత ఇంజన్ బతికుండగానే, కొత్తదానికి కావలసిన చివరి బోల్టు వరకు కొని పెట్టుకున్న తరవాతే విప్పాలి.

అసలు ఖర్చులో నిత్యం పోయేది టైర్లు. గట్టిగా సాధన చేస్తే వెనక టైర్ల జత ఒకే రోజులో అరిగిపోవచ్చు. చిన్న ఇంజనుకు చవక టైర్లు చాలు. బలం పెంచితే వెడల్పాటి, ఖరీదైన టైర్లు, అవీ మరింత త్వరగా పోతాయి. ఇంజన్ మార్పు ఒకసారి పెట్టే పెట్టుబడి అనుకుంటారు గాని, ప్రతి ఆదివారం ఖర్చును కూడా అది పెంచుతుంది. ఈ పద్దు అబ్బాయి కాగితంలో ఉందేమో అడగండి.

కాలిఫోర్నియాలో ఇంకొక మెలిక. 1976, ఆ తరవాతి పెట్రోలు కార్లలో పాతబడినవాటికి రెండేళ్ళకొకసారి పొగ పరీక్ష ఉంది. మార్చిన ఇంజన్ ఆ కారు తయారైన ఏడాదిదో, తరవాతదో అయి ఉండాలి. దాని కాలుష్య నివారణ సామాగ్రి అంతా యథాతథంగా ఉండాలి. రెఫరీ కేంద్రానికి తీసుకుపోయి చూపించి ముద్ర వేయించుకోవాలి. జపాను నుంచి దిగుమతైన టర్బో ఇంజన్లకు అక్కడి ధ్రువీకరణ ఉండదు. అవి పెడితే రోడ్డు మీద నడపటానికి లేదు, ట్రైలరు మీద వేసుకుని ట్రాకుకు పోవాలి. అంటే ట్రైలరు, దాన్ని లాగే పెద్ద బండి, రెండూ నిలిపే చోటు. అద్దె అపార్టుమెంటులో ఉండే కుర్రవాడికి ఇది తేలే పని కాదు. (ఇక్కడ మన పిల్లలెవరైనా ఇది చదివి ఉత్సాహపడితే: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది.)

వీధుల్లో డ్రిఫ్టింగు చేస్తే అక్కడి పోలీసులు బండి పట్టుకుపోతారు. వీసా మీద ఉన్న పిల్లవాడికి పోలీసు కేసు ఎంత చేటో తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. ట్రాకు మీద జరిగే నష్టాన్ని చాలా మామూలు బీమా పాలసీలు భరించవు. పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ అబ్బాయి చదివి తీరాలి.

హోసూరు పెద్దాయనకు విడిగా రాసిన జవాబులో నేను అడగమన్నవి మూడు. చూసిన కారు ఇవాళ నడుస్తుందా? దాని టైటిల్ కాగితం, అంటే మన ఆర్.సి. బుక్కు లాంటిది, శుభ్రంగా ఉందా, లేక బీమావాళ్ళు పనికిరాదని రాసేసిన 'సాల్వేజ్' బండా? అడుగు రేకులు, సస్పెన్షను బిగించే చోట్లు తుప్పు పట్టకుండా ఉన్నాయా? మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బండ్లకు ఈ తెగులు ఎక్కువ. ఇంజను మార్చుకోవచ్చు గాని, తుప్పు తిన్న చట్రాన్ని మార్చలేం. ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే, మొదటి ఏడాది టైర్లకూ ట్రాకు రుసుముకూ హెల్మెట్‌కూ విడిగా డబ్బు తీసి పెట్టుకున్నాక, అబ్బాయిని కొనుక్కోనివ్వమనే రాశాను.